లెక్కకు రానివి

ఆకివీడు రైలుగేటు దాటాక
ఏరియేటర్లు బాగుచేసే కొట్టు, దాని మేడ మీద మా అకాడమీ.
కింద మోటారు తిప్పినప్పుడల్లా
పైన నా గ్రామరు వణుకుతుంది.

మొదటి సాయంత్రం భద్రరాజు గారు
మార్కరూ, డస్టరూ, ఖాళీ అయిన ఓ పచ్చడి సీసా చేతికిచ్చారు.
"లోపల తెలుగు వినపడకూడదమ్మా.
నోరు జారితే రూపాయి. ఇందులో వేయించండి."
ఖాళీ అన్నానే గానీ
సీసా అప్పటికే సగం నిండి ఉంది.

నాది ఆదోని.
బస్సు దిగిన రోజు "ఈ అకాడమీ యాడుంది?" అంటే
కిళ్ళీకొట్టాయన సున్నం రాస్తూ రాస్తూ నవ్వి
నా మాట నాకే తిరిగిచ్చాడు:
"యాడో లేదండి, ఇక్కడేనండి."
ఈ ఊళ్ళో అండీ లేకుండా
వాక్యం గుమ్మం దాటదు.

అయిదున్నరకి పిల్లలు,
బడి చెమట ఆరకుండానే, పద్నాలుగు మంది.
గుడీవినింగండీ మేడమ్.
మే ఐ కమినండి. ఎస్సండి. నో అండి.
అండీ తెలుగే కదా, రూపాయి వేయించాలా వద్దా అని
వారం రోజులు తర్జనభర్జన పడ్డాను.
వేయించలేదు.
మర్యాదకి జరిమానా ఏంటని కాదు,
గంటలో అందరి చిల్లరా అయిపోతుందని.

మూడో వారం పాఠం:
లెక్కపెట్టగలిగినవి, పెట్టలేనివి.
బోర్డు మధ్యన నిలువుగీత గీశాను.
బుక్, పెన్, బాయ్ ఇటు.
మిల్క్, రైస్, శాండ్ అటు.
"ప్రాన్?" అన్నాను, కాస్త ఆటపట్టిద్దామని.
పద్నాలుగు గొంతులూ ఒక్కసారే:
"కౌంటండీ!"
ముప్పై కౌంటు, నలభై కౌంటు, వంద కౌంటు,
కిలోకి ఎన్ని తూగితే ఎంత రేటో
బెంచీ గుద్ది చెప్పాడు తొమ్మిదేళ్ళ జోయెల్.
పోయిన పంటకి వాళ్ళ చెరువులో తెల్లమచ్చ పడింది.
ఎన్ని బస్తాల మేత, ఎంత అప్పు,
అదీ అంకెల్లోనే చెప్పి కూర్చున్నాడు.

నేను గబగబా మాట మార్చి
వాటర్ అని రాశాను, అటువైపు.
అన్‌కౌంటబుల్. రాసుకోండి.

రాసే చెయ్యి ఆగలేదు గానీ
లోపల ఎవరో బిందె దించిన చప్పుడు.
మా సందుకి కుళాయి నాలుగు రోజులకోసారి.
ఇంటికి ఆరు బిందెలు, ఏడోది పెడితే కొట్లాట.
మా అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది.
నేను కూడికలు నేర్చింది ఆ గోడ దగ్గరే.
ఇక్కడికొచ్చే బస్సులో
కాలువ పక్కన చెరువు, చెరువు పక్కన చెరువు
చూసీ చూసీ
నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.
సరే, అన్‌కౌంటబుల్.
వీళ్ళ నీళ్ళు, వీళ్ళ వ్యాకరణం.

అప్పుడు లేచింది చివరి బెంచీ ఏసుమణి.
రూపాయి భయానికి నోరే విప్పని పిల్ల.
ముందు నడిచొచ్చి
గౌను జేబులోంచి నాణెం తీసి సీసాలో వేసింది.
తర్వాత తెలుగులో అంది:
"మా ఇంట్లో లెక్కేనండి.
రోజుకి ఒక టిన్నండి, ఇరవై లీటర్లు.
బోరు నీళ్ళు ఉప్పండి. కాలువ నీళ్ళు కంపండి.
చుట్టాలొస్తే మా అమ్మ
గ్లాసులు లెక్కెడద్దండి."

ఎవరూ నవ్వలేదు.
కింద మోటారు తిరుగుతూనే ఉంది.

వాటర్ చెరిపాను.
ఎటు రాయాలో తోచక
సరిగ్గా గీత మీద రాశాను,
గీత ఆ మాట మధ్యలోంచి పోయింది.
"మరి పరీక్షలో ఎటు రాయాలండి?" జోయెల్.
"అన్‌కౌంటబులే రాయండి,
మార్కులు పోతాయి."

పర్సు వెతికితే రూపాయి లేదు, అయిదు బిళ్ళ ఉంది.
అదే వేశాను.
"మా ఊర్లో యాడ జూసినా బిందెలే..."
యాడ దగ్గర వెనకెవరో కిసుక్కుమన్నారు.
నవ్వుకోనీ.
ఇంకా నాలుగు రూపాయల తెలుగు
బాకీ ఉంది నాకు.